దాహమును వరదయు

నీరు లేనిచోట నగరము నిలువదనుట బాలురకు సైతము తెలిసిన మాట. రాజు కోట కట్టింపవచ్చును, వర్తకులు అంగళ్లు తెరువవచ్చును, శిల్పులు వచ్చి మేడలు నిలుపవచ్చును. వీరందరును ప్రొద్దున లేచి మొదట వెదకునది కడివెడు నీరే. ఇట్లయ్యును నగరచరిత్రలు వ్రాయువారు పట్టాభిషేకములను, ముట్టడులను, సంధులను వర్ణించినంత శ్రద్ధతో ప్రజలు త్రాగిన నీటికథను వర్ణింపరు. ఏ చెరువును ఎవరు త్రవ్వించిరి, అది ఎందరి దాహము తీర్చెను, ఎప్పుడు పాడయ్యెను, దానికి మారుగా వేరొక నీరు ఎచ్చటినుండి ఎవరి నష్టమున వచ్చెను అను ప్రశ్నలకు మన చరిత్రగ్రంథములలో దొరకు చోటు మిక్కిలి స్వల్పము. ఆ లోపమును కొంతయైన తీర్చు తలంపుతో హైదరాబాదు నగరపు నీటిచరిత్రను ఈ వ్యాసమున సంగ్రహముగా పరిశీలింతము.

1901 నాటి జనాభా లెక్కలలో హైదరాబాదు జనసంఖ్య 4,48,466. 2011 నాటి లెక్కలలో ఆ నగరమును, దానితో కలిసిపోయిన పరిసరపట్టణములును కూడి 76 లక్షలను మించినవి. నూటపదియేండ్లలో పదునేడు రెట్లు పెరిగిన ఈ జనసముదాయమును ఏ నీరు పోషించుచున్నది? ఈ నగరమునకు ఏటేట రెండు భయములు: వేసవియందు దాహము, వానకారున వరద. లోకులు ఈ రెంటిని ఒండొంటికి విరుద్ధములగు ఆపదలుగా నెంచి ఒకదానికి ఒక శాఖను, రెండవదానికి మరియొక శాఖను అడుగుచుందురు. చరిత్రను శ్రద్ధతో చూచినవారికి మాత్రము ఇవి రెండును ఒకే రోగపు రెండు లక్షణములని తోచును. వాననీటిని నిలుపుకొనలేని నగరమే వానకు మునుగును. ఆ నగరమే వేసవిలో ఎండును.

ఈ సత్యము మన పూర్వులకు క్రొత్తది కాదు. సప్తసంతానములలో తటాకమును చేర్చిన దేశము మనది. కౌటిల్యుని అర్థశాస్త్రమున క్రొత్తగా చెరువు కట్టినవారికి కొన్నియేండ్లు పన్ను మినహాయింపు చెప్పబడినది. నీరున్న చెరువుకట్టను తెగగొట్టినవానికి ఆ నీటనే ముంచి చంపు దండనము విధింపబడినది. దండనము క్రూరమే కాని, చెరువును పాడుచేయుట ఒకని ఆస్తిని హరించుట కాదనియు, ఊరి ప్రాణమును తీయుట యనియు ఆ కాలపువారు భావించిరని దానివలన తెలియుచున్నది. కడపజిల్లాలోని పోరుమామిళ్ల శాసనము 1369 నాటిది. చెరువునకు కావలసిన అంగములను, కలుగగల దోషములను అది ఒక శాస్త్రగ్రంథమువలె లెక్కించి చెప్పును. తెలంగాణమున కాకతీయులును వారి సామంతులును నిర్మించిన పాకాల, రామప్ప మున్నగు చెరువులు నేటికిని పంటలు పండించుచున్నవి.

ఆ చెరువులలో ఏదియు ఒంటరిది కాదు. ఎగువచెరువు నిండి మత్తడి దూకిన నీరు వాగుద్వారా దిగువచెరువునకు చేరును. అదియు నిండినపిమ్మట మరియొకదానికి. దీనినే గొలుసుకట్టు అందురు. నిండువేళ మునిగి, నీరు తీసినవేళ తేలు శిఖము భూమిలో ఇల్లు కట్టరాదనుట గ్రామమున అందరు నెరిగిన కట్టుబాటు. ఇట్టి యేర్పాటువలన వాన ఒక్కుమ్మడిగా నదిలోనికి పరుగెత్తదు. మెట్టుమెట్టున ఆగుచు, భూమిలోనికి ఇంకుచు, బావులను నింపుచు పోవును.

హైదరాబాదు ఇట్టి చెరువుల నడుమనే పుట్టినది. గోలకొండ కోటకు దుర్గముచెరువునుండి నీరు వచ్చెడిదని ప్రసిద్ధి. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలమున, 1562 ప్రాంతమున, మూసీకి ఉపనదియైన ఒక వాగుపై హుస్సేనుసాగరము వెలసెను. నగరమునకు పునాది పడినది 1591లో. అనగా నగరముకంటె చెరువు ముప్పదియేండ్లు పెద్దది. 19-వ శతాబ్దారంభమున మీరాలం చెరువు కట్టబడెను. దాని కట్ట ఇరువదియొక్క అర్ధచంద్రాకారపు కమానులతో నీటి యొత్తిడిని పంచుకొని నిలుచు రాతికట్టడము. అట్టి నిర్మాణములలో లోకమున మిక్కిలి పురాతనమైన వానిలో నొకటిగా ఇంజనీర్లు దానిని కొనియాడుదురు. ఈ చెరువులును, ఇంటింటి బావులును కలిసి మూడు శతాబ్దములకు పైగా నగరపు దాహము తీర్చినవి.

1908 సెప్టెంబరు 28-వ తేదీ ఈ చరిత్రలో మరపురానిది. ఎగువప్రాంతమున అతివృష్టి కురిసెను. శంషాబాదున ఒక్క దినమునందే పండ్రెండంగుళములకు మించి వాన పడెను. మూసీ పరీవాహప్రాంతమున నాడున్న చెరువులు 788. వానిలో 221 తెగిపోయెను. తెగిన ఎగువచెరువు నీరు దిగువచెరువుమీద పడగా అదియు తెగును. ఇట్లు గొలుసు మేలుచేసిన త్రోవనే కీడును దిగివచ్చెను. ఆ నీరంతయు నగరముపై బడి, నదీతీరమునందలి పేటలను ఊడ్చిపెట్టెను. మరణించినవారు పదునైదువేలమంది యని సాధారణముగా చెప్పుదురు. అఫ్జలుగంజుకడ, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో, ఒక చింతచెట్టు ఉన్నది. నాడు దాని కొమ్మలెక్కి నూటయేబదిమంది బ్రదికిరని చెప్పుదురు. ఇట్టి విపత్తు కలిగినపుడు పాలకులు చెరువులను శపించి, నదికి ఎత్తైన గోడలు కట్టించి ఊరకుండవచ్చును. అట్లు జరుగకుండుటయే ఈ నగరపు భాగ్యము.

నిజాము ప్రభుత్వము 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించెను. ఆయన వరదపారుదలను లెక్కించి, ఉధృతముగా నున్నపుడు క్షణమునకు 4,25,000 ఘనపుటడుగుల నీరు నగరముగుండ పోయినదని తేల్చెను. అంత నీటిని నగరమధ్యమున గోడలతో ఆపుట దుస్సాధ్యము. కావున వరదను నగరము చేరకముందే ఎగువన నిలుపవలయుననియు, మూసీపై నొకటి, దాని ఉపనదియగు ఈసీపై నొకటి జలాశయములు కట్టి, నది ఓర్వగలిగినంత నీటినే క్రిందికి విడువవలయుననియు ఆయన సూచించెను. ఆ సూచనయందలి గొప్పతనము ఇంజనీరు లెక్కలకంటె ఆలోచనలో హెచ్చుగా నున్నది. నిన్న ప్రాణములు తీసిన నీటినే పట్టి నిలిపి రేపు త్రాగుటకు ఇచ్చు ఉపాయమది. ఉస్మానుసాగరము 1920లోను, హిమాయతుసాగరము 1927లోను పూర్తియయ్యెను. ఉస్మానుసాగరమునుండి నీరు యంత్రసహాయము లేకయే పల్లమునకు పారి ఆసిఫునగరు వడపోతశాలలకు చేరెడిది. గండిపేట నీరు త్రాగినవాడు నగరమును విడువడను నానుడి ఆ కాలమున పుట్టినదే.

ఇచ్చట ఒక చిన్న లెక్క చేయుదము. ఈ రెండు జలాశయములును నిండిన, వాని నీరు ఇంచుమించు ఏడు శతకోటి ఘనపుటడుగులు, అనగా సుమారు 19,500 కోట్ల లీటర్లు. మురుగుకాలువల వసతి గల నగరములలో మనిషికి దినమునకు 135 లీటర్లు కావలయునని భారతప్రభుత్వపు ప్రమాణము. ఆవిరియగుదానిని విడిచిపెట్టి లెక్కించినచో, ఆ నీరు 1901 నాటి జనమునకు దాదాపు తొమ్మిదియేండ్లు చాలును. కోటిమంది గల నగరమునకు అయిదునెలలైన చాలదు. పాఠశాలలో ఈ లెక్కను విద్యార్థులచే చేయించినపుడు, మరి మిగిలిన ఏడునెలల నీరు ఎక్కడినుండి వచ్చుచున్నదని ఒక బాలిక అడిగినది. ఆ ప్రశ్న ప్రతి నగరవాసియు అడుగదగినది.

సమాధానమిది. 1965లో మంజీరానదినుండి నీరు వచ్చెను. అదియు చాలక 2004లో కృష్ణనుండియు, 2015లో ఎల్లంపల్లికడ గోదావరినుండియు నీరు తెచ్చిరి. ఈ కార్యములను తక్కువచేసి మాటాడుట నా యుద్దేశము కాదు. నూరు కిలోమీటర్లకు మించిన దూరమునుండి పెద్ద గొట్టములలో నదిని తెచ్చి కోటిమందికి పంచుట సామాన్యకార్యము కాదు. అది లేనిచో నగరము ఎన్నడో ఖాళీయై యుండెడిది. కాని దాని మూల్యమును తెలిసికొనవలయును. గండిపేట నీరు తనంతట పారివచ్చెను. కృష్ణనీటిని మూడువందల మీటర్లకు మించిన ఎత్తునకు రేయింబవళ్లు విద్యుచ్ఛక్తితో ఎత్తవలసియున్నది. కొళాయి త్రిప్పిన ప్రతిసారియు ఎక్కడనో బొగ్గు కాలుచున్నది.

ఇది ధనమునకు సంబంధించిన మూల్యము. న్యాయమునకు సంబంధించినది వేరుగ నున్నది. మంజీరాపై 1931లో పూర్తియైన నిజాంసాగరము నిజామాబాదు ప్రాంతమునకు వరిపంట నిచ్చిన జలాశయము. దానికి ఎగువన సింగూరు జలాశయము కట్టి నగరమునకు నీరు మరల్చినపిమ్మట దానికి చేరు ప్రవాహము తగ్గెను. పూడికయు దానికి తోడై ఆయకట్టు కుదించుకొనిపోయెను. నల్లగొండజిల్లా పల్లెలు తరతరములుగా ఫ్లోరైడు కలిసిన బావినీరు త్రాగి, ఎముకలు వంగిన బాలురను పెంచిన పల్లెలు. కృష్ణనీరు నగరమునకు ఎక్కివచ్చినది ఆ జిల్లా నేలమీదుగనే. తన పొలిమేరలో వాన నిలుపుకొనుట మరచిన నగరము దూరపు రైతు వంతును త్రాగునపుడు దానిని అభివృద్ధి యని పిలుచుటకు ముందు కొంత సంకోచింపవలయును.

దూరపు నీరు వచ్చుటతో దగ్గరి నీటికి ఆదరము తగ్గెను. ఇది ఎవరో దుర్మార్గులవలననే జరిగినదని చెప్పి తప్పించుకొనరాదు. చెరువు త్రాగునీరిచ్చినంతకాలము ఊరివారే దానికి కావలి. కొళాయి వచ్చినపిమ్మట చెరువు దోమలకు నెలవుగను, శిఖము భూమి అమ్మకపు సరకుగను కనబడినది. నేటి హైదరాబాదు వీధులపేర్లను చదువుడు: మాసాబుట్యాంకు, తలాబుకట్ట, నల్లకుంట. పేరున నీరున్నది, నేలపై నీరు లేదు. కొన్ని చెరువులు మట్టితో పూడినవి. కొన్నిటి వాగులు ఇండ్లక్రింద అణగిపోయినవి. హుస్సేనుసాగరము 20-వ శతాబ్దిలో త్రాగునీటికి పనికిరానిదై, కూకటుపల్లి నాలాద్వారా వచ్చిన మురుగునకును, కర్మాగారముల కల్మషములకును గుంటయైనది.

వాన మాత్రము పాతత్రోవలను మరువలేదు. 2000 ఆగస్టు 24-వ తేదీన బేగంపేటలో ఇరువదినాలుగు సెంటీమీటర్ల వాన కురియగా హుస్సేనుసాగరమునకు దిగువనున్న పేటలు మునిగెను. 2020 అక్టోబరు 13-వ తేదీ రాత్రి నగరమున చెరువులకట్టలు తెగి ఇండ్లును మనుష్యులును కొట్టుకొనిపోయిరి. ఆనాడు నీరు నిలిచిన కాలనీలలో పెక్కు చెరువుగర్భములలోనో వాగుదారులలోనో కట్టబడినవే. అట్టిచోట ఇల్లు కొన్నవారిలో అధికులు జీవితకాలపు పొదుపును దానిలో పెట్టిన చిరుద్యోగులు; వారికి ఆ నేల చరిత్రను అమ్మినవాడు చెప్పలేదు, అనుమతి నిచ్చినవాడు అడుగలేదు. 1908లో మునిగినవారు నదియొడ్డువారు. ఈనాడు నదికి దూరముగ నున్నవారును మునుగుచున్నారు.

నగరమునకు వచ్చిన నీరు మరల ఎటుపోవుననుట తరువాతి ప్రశ్న. ఇంటికి చేరిన నీటిలో పదింట ఎనిమిదిపాళ్లు మురుగై వెడలునని ఇంజనీర్ల లెక్క. కావున దూరపునది ఎంత హెచ్చుగా వచ్చిన మురుగు అంత హెచ్చును. ఇట్టి యవస్థ మనకే వచ్చినది కాదు. లండను నగరము తన మలినమునంతయు థేమ్సునదిలో విడుచుచు ఆ నదినీరే త్రాగి విషూచివ్యాధితో వేలకొలది జనమును పోగొట్టుకొన్నది. 1858 వేసవిలో ఆ నది దుర్గంధము పార్లమెంటు సభామందిరమునకు ప్రాకినపిదప గాని అచ్చటి పెద్దలకు మేలుకొలుపు కలుగలేదు. అపుడు జోసెఫ్ బాజల్గెట్ అను ఇంజనీరు గొప్ప మురుగుకాలువలను కట్టించెను. అయినను ఆ మురుగు నగరమునకు దిగువన నదిలోనే పడినందున, శుద్ధికేంద్రములు బలపడువరకు నదికి ప్రాణము రాలేదు. 20-వ శతాబ్ది ద్వితీయార్ధమున గాని దానిలో చేపలు మరల తిరుగలేదు.

మూసీకి దిగువనున్న మన పల్లెల సంగతి ఇట్టిదే. వేసవిలో పూర్వము ఎండిపోవు ఆ నది నేడు ఏడాదిపొడవునను పారుచున్నది. పారునది నగరపు మురుగు. ఆ నీటితో రైతులు వరిని, ఆకుకూరలను, పశువులకు పారాగడ్డిని పండింతురు. వేరు నీరు లేనివారు ఏమి చేయగలరు? వారి పాదములకు పుండ్లు, బావులకు ఉప్పదనము మిగిలెను. ఆ గడ్డి మేసిన గేదెల పాలు మరల నగరమునకే వచ్చును. తాను విడిచినదానిని నగరము మరియొక రూపమున త్రాగుచున్నదని దీని తాత్పర్యము. నీటివిషయమున ‘దిగువవాడు’ అని ఒకనిని వేరుచేసి మనము తప్పించుకొనలేము.

ఇక శాసనముల సంగతి. 1996లో ప్రభుత్వము 111-వ సంఖ్యగల ఉత్తర్వును వెలువరించి, జంటజలాశయముల చుట్టు పదికిలోమీటర్ల పరిధిలో 84 గ్రామములందు కర్మాగారములను, పెద్దకట్టడములను నిషేధించెను. సుప్రీంకోర్టు 2000లో ఆ రక్షణను సమర్థించి, త్రాగునీటికి ముప్పుతెచ్చు పరిశ్రమకు మినహాయింపు నిచ్చుట చెల్లదనెను. 2022 ఏప్రిలులో ఆ ఆంక్షలను తొలగించుచు మరియొక ఉత్తర్వు వెలువడెను. ఈ విషయమున ఆ గ్రామస్థుల మాటను ఆలకింపకుండుట అన్యాయము. పొరుగూళ్లవారు భూములమ్మి ధనికులగుచుండ, నగరము త్రాగునీటికై తాము ఇరువదియారేండ్లు చేతులు కట్టుకొని కూర్చుండవలసివచ్చెనని వారి మొర. ఆ మొర నిజము. కాని దానికి పరిష్కారము జలాశయముల ఎగువను ఇటుకలతో నింపుటయా? తమ పొలములను పొలములుగనే నిలిపి నగరమును కాపాడినవారికి నగరము ఏటేట తన నీటిపన్నునుండి ప్రతిఫల మిచ్చినచో వారికిని నష్టము లేదు, చెరువునకును చేటు లేదు. కాపాడిన నేలకు వెల లేదనుటచేతనే పాడుచేసిన నేలకు వెల పెరుగుచున్నది.

‘కోటిమంది దాహమునకు పాతచెరువులు చాలునా? ఇది పూర్వకాలపు మోహము’ అని కొందరు ఆక్షేపింపవచ్చును. వారికి మరియొక లెక్క చెప్పెదను. 2007లో ఏర్పడినపుడు మహానగరపాలక సంస్థ వైశాల్యము 625 చదరపు కిలోమీటర్లుగా నుండెను. నగరమున ఏటి సగటు వర్షపాతము సుమారు 80 సెంటీమీటర్లు. ఈ రెంటిని గుణించిన, ఏటేట ఆ నేలపై పడు వాన ఇంచుమించు 50,000 కోట్ల లీటర్లు. కోటిమందికి తలకు 135 లీటర్ల చొప్పున ఏడాదికి కావలసినది 49,275 కోట్ల లీటర్లు. ఆకాశము ఇచ్చునదియు, నగరము కోరునదియు దాదాపు సరిగానున్నవి! ఆ వాననంతయు పట్టుట అసాధ్యమని నేనెరుగుదును. కొంత ఆవిరియగును, కొంత చెట్లు త్రాగును, కొంత నదికి పోవలసియే యున్నది. అందులో అయిదవవంతు నిలిచినను పదివేల కోట్ల లీటర్లగును. అది జంటజలాశయములు నిండిననాటి నీటిలో సగమునకు మించినది. ఆ యైదవవంతు వీధులలో పారకుండుటచే వరదయు అంతమేరకు తగ్గును. దూరపునదులను విడిచిపెట్టుమని ఎవరును కోరుటలేదు; దగ్గరి వానను విడిచిపెట్టి దూరపునదిని అడుగరాదనియే కోరిక.

చేయవలసిన పనులు అపూర్వములు కావు. ప్రతి చెరువునకును నిండుమట్టపు హద్దును కొలిచి, రాళ్లు పాతి, ఇల్లు కొనువాడు సులభముగ చూడగల పటమును ప్రకటింపవలయును. చెరువులను కలుపు వాగులను చెరువులతో సమానముగ రక్షింపవలయును; గొలుసు తెగిన కంకణము నిలువదు. మురుగు శుద్ధిపొందకుండ చెరువును గాని మూసీని గాని చేరకుండునట్లు చూడవలయును. ఇంటికప్పుపై పడిన వాన ఆ ఇంటి నేలలోనే ఇంకవలయును. దిగువ రైతునకు శుద్ధజలమును, ఎగువ రైతునకు ప్రతిఫలమును నగరపు ఆదాయవ్యయపట్టికలో చేర్చవలయును. హద్దులు సరిచేయునపుడు చెరువులో గుడిసె వేసికొన్న పేదవానిని మొదట వెళ్లగొట్టి, మేడ కట్టినవానికి గడువులిచ్చు పద్ధతి మానవలయును. పేదవానికి వేరొకచోట నీడ చూపినపిమ్మటనే అతని నీడ తీయవలయును. ఇవి కలలు కావు. అంబరుపేటలో ఆనవాలు కోల్పోయిన బతుకమ్మకుంట 2025లో మరల నీటితో నిండినది. ఒక కుంట బ్రదికినచో మరియొకటి బ్రదుకును.

విశ్వేశ్వరయ్యగారికి మనకంటె తక్కువ యంత్రములుండెను, తక్కువ ధనముండెను. ఆయనకు ముందున్న శవములను చూచి ఆయన ఒక్క ప్రశ్న వేసికొనెను: ఈ నీటిని చంపుట యెట్లు అని గాక, ఈ నీటిని నిలుపుట యెట్లు అని. నగరపాలకులును, ఇంజనీర్లును, ఇల్లు కట్టుకొను గృహస్థులును నేడు అడుగవలసినది ఆ ప్రశ్ననే. తొలకరికి ముందు తమ పేటనుండి వాన ఎటు పారునో, ఏ చెరువునకు చేరునో నడచి చూచివచ్చు పౌరులు వీధికి పదిమంది యున్నచో, ఏ కాగితముపైని ఉత్తర్వుకంటెను ఆ చెరువునకు ఎక్కువ రక్షణ కలుగును.